పడవ ఒకరికి విహారం, ఒకరికి దారి

బొర్రా గుహలలోకి దిగి కాసేపు మాటలు ఆపితే, రాతి కింద ఎక్కడో గోస్తనీ నది కదులుతున్న శబ్దం వినిపిస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, సున్నపురాయిని వేల ఏళ్లుగా కరిగించి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది అది. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించి గుహలను మూసివేసినప్పుడు గైడ్లుగా బతికే గిరిజన యువకులు, రైల్వే స్టేషన్ దారిలో బొంగులో కోడిని కాల్చి అమ్మే కుటుంబాలు ఎలా రోడ్డున పడ్డాయో పత్రికలు కొంత రాశాయి. పర్యాటకం కనిపించే ఆదాయం కనుక దాని నష్టమూ కనిపించింది. అదే కొండల్లో నీళ్లమీద రాకపోకలు సాగించేవారి సంగతి అంతగా చర్చకు రాలేదు. వారి పడవకు టికెట్టు లేదు, లెక్కా లేదు.

2021 నవంబరులో పాపికొండల విహార పడవలు మళ్లీ కదిలాయి. రెండేళ్లుగా ఆగిపోయిన ఉపాధి తిరిగి దక్కిందని రాజమహేంద్రవరంలోనూ దేవీపట్నంలోనూ సంతోషించినవారు ఉన్నారు. ఆ సంతోషం న్యాయమైనదే. అయితే మహమ్మారి కాలంలో జలమార్గాలపై విధించిన ఆంక్షలను ఈ ఒక్క పునఃప్రారంభంతో ముగిసిన అధ్యాయంగా చూడడం పొరపాటు. ఆ ఆంక్షలు ఎవరిని ఉద్దేశించి పుట్టాయి, ఎవరిపై పడ్డాయి, వాటి వల్ల కలిగిన నష్టానికి ఎవరిని బాధితులుగా గుర్తించారు అన్న ప్రశ్నలకు కులం, తెగ అన్న మాటలు ఎత్తకుండా జవాబు చెప్పలేము.

ముందుగా సీలేరు సంగతి చెప్పుకోవాలి. 2021 మే నెలలో మూడు రాష్ట్రాలు మూడు రకాల ఆంక్షలలో ఉన్నాయి. ఒడిశాలో లాక్‌డౌన్, ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి మరునాటి ఉదయం 6 వరకు కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి ఉదయం నాలుగు గంటలు మినహా లాక్‌డౌన్. హైదరాబాద్‌లో కూలిపనులు నిలిచిపోవడంతో మల్కన్‌గిరి జిల్లాకు చెందిన గిరిజన కూలీలు పిల్లలతో సహా ఇంటిదారి పట్టారు. విశాఖ ఏజెన్సీలో గూడెం కొత్తవీధి మండలం సీలేరు వరకు చేరారు. ఎదుట జలాశయం, అవతలి ఒడ్డున తమ ఊళ్లు. రోడ్డు మీద వెళితే సరిహద్దు తనిఖీలు, క్వారంటైన్ భయం. మే 24 రాత్రి నాటుపడవల మీద నీటిని దాటే ప్రయత్నం చేశారు. కొందరు క్షేమంగా చేరారు. తరువాతి పడవలు మునిగాయి. ఎనిమిది మంది చనిపోయారు, వారిలో పసిపిల్లలూ ఉన్నారు. పరిహార ప్రకటన వెలువడింది. వారం తిరగకుండానే వార్త వెనుకపడింది.

ప్రమాదానికి కారణం అధిక బరువనీ, చీకటనీ, నాటుపడవనీ అధికార వర్గాలు చెప్పాయి. ఇవన్నీ నిజమే. అయితే రాత్రిపూట నాటుపడవ ఎక్కవలసిన అగత్యం ఎవరు కల్పించారన్నది వీటిలో ఏ కారణం కిందికీ రాదు. కర్ఫ్యూ ఉత్తర్వులో రైలుకు, బస్సుకు, సరుకు లారీకి, ఆసుపత్రి ప్రయాణానికి మినహాయింపులు రాసుకున్నాం. ఇంటికి చేరడానికి నీరు తప్ప దారి లేని మనిషి ఒకడు ఉంటాడన్న ఊహ ఆ ఉత్తర్వులను రాసినవారికి తట్టలేదు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ఇచ్చిన అధికారాలు చాలా విస్తృతమైనవి; వాటిని ప్రయోగించిన చూపు మాత్రం రోడ్డు దాటి పోలేదు.

ఈ కొండవాసులు పడవ మనుషులు ఎప్పుడయ్యారన్నదీ చూడాలి. గోదావరి పల్లెలకూ సముద్ర తీరానికీ ఉన్నట్టు వీరికి తరతరాల పడవ వృత్తి లేదు. వీరు పోడు రైతులు, అటవీ ఫలసాయం ఏరుకునేవారు. మాచ్‌ఖండ్ నదిమీద జోలాపుట్ కట్టారు. దిగువన బలిమెల కట్టారు. ఇంకా దిగువన ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు వచ్చాయి. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, దిగువ సీలేరు 460 మెగావాట్లు. ఈ విద్యుత్తు విశాఖ పరిశ్రమలకు, మైదాన పట్టణాలకు వెళ్లింది. నీరు మాత్రం కొండల్లో నిలిచిపోయి, కాలినడకన అరగంటలో చేరే ఊళ్ల మధ్య జలాశయాలను పరిచింది. బలిమెల వెనుక 151 గ్రామాలు దశాబ్దాల పాటు ‘కటాఫ్ ఏరియా’ అనే పేరుతోనే పరిపాలనా పత్రాలలో బతికాయి. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో ప్రారంభమయ్యేదాకా వారికి లాంచీయే గతి. అంటే ఇక్కడ పడవ ప్రయాణం ప్రకృతి పెట్టిన షరతు కాదు. రాజ్యం తన అభివృద్ధి కోసం దారులు ముంచివేసి, వాటికి బదులు మిగిల్చిన ఏకైక సాధనం పడవ. అలా మిగిలిన సాధనాన్ని కూడా మహమ్మారి పేరిట నేరంగానో ప్రమాదంగానో చూడడంలో ఉన్న క్రౌర్యం ఆ ప్రాజెక్టుల చరిత్ర తెలియనివారికి కనిపించదు.

దీనికి తోడు ఈ జలాశయాల మీద పడవ ఎప్పుడూ భద్రతా దళాల అనుమానపు చూపు కిందే ఉంది. 2008 జూన్‌లో బలిమెలలో గ్రేహౌండ్స్ దళం ప్రయాణిస్తున్న లాంచీపై మావోయిస్టులు దాడి చేయగా 38 మంది సిబ్బంది మరణించారు. ఆ తరువాత ఆ నీటిమీద తిరిగే ప్రతి పడవా ఎవరి కోసం తిరుగుతోందన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఇటు దళాలకు, అటు ఉద్యమకారులకు మధ్య నలిగిన గిరిజనుడికి, కొవిడ్ తనిఖీ అనేది అంతవరకు లేని కొత్త అనుభవమేమీ కాదు. పాత తనిఖీకి మాస్కు తొడిగారంతే.

ఇప్పుడు గోదావరి వైపు చూద్దాం. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, ఆ నీరే పాపికొండల మధ్యకు వస్తుంది. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు వద్ద లాంచీ మునిగి పలువురు మరణించారు. వారిలో అత్యధికులు సంతకో పనికో వెళ్లి వస్తున్న స్థానిక గిరిజనులు. సరిగ్గా పదహారు నెలలకు, 2019 సెప్టెంబరు 15న, అదే మండలం కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే విహార పడవ మునిగింది. పడవలో ఉన్న 77 మందిలో 26 మందే బతికారు. గోదావరి ఆనాడు వరదలో ఉంది, ఆ పడవ కదలవలసింది కాదు. నీటిలో కొట్టుకుపోతున్నవారిని ముందుగా ఒడ్డుకు చేర్చినవారు తమ చిన్న పడవలు వేసుకొని వచ్చిన కచ్చులూరు గిరిజనులే. సంస్కరణ చర్యలు మంటూరు తరువాత కాదు, కచ్చులూరు తరువాత మొదలయ్యాయి. రాష్ట్రమంతటా పడవలు నిలిపివేశారు, అనుమతులు సమీక్షించారు, 2020 జూన్‌లో తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు ప్రారంభించారు. రుషికొండ, గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం, సింగన్నపల్లి, రాజమహేంద్రవరం, విజయవాడ, నాగార్జునసాగర్, శ్రీశైలం. ఈ జాబితాను రెండుసార్లు చదవండి. పర్యాటకుడు పడవ ఎక్కే ప్రతి ముఖ్యమైన రేవూ ఉంది. సీలేరు లేదు, జోలాపుట్ లేదు, గోస్తనీ నీటిని ఆపిన తాటిపూడి లేదు.

భద్రతా నియమాలను నేను తప్పుపట్టడం లేదు. లైఫ్ జాకెట్టు, వరద మట్టాన్ని బట్టి అనుమతి, ప్రయాణికుల పేర్ల నమోదు, శిక్షణ పొందిన సరంగు, ఇవి ఏ ప్రయాణికుడికైనా దక్కవలసినవే. నా అభ్యంతరం వేరు. విహారానికి ప్రాణభద్రత లభించింది. అవసరానికి లభించింది నిషేధం. కంట్రోల్ రూము లేని చోట పోలీసు తనిఖీ ఉంది. తనిఖీ ఉన్న చోట పడవ రాత్రిపూట తిరుగుతుంది. సీలేరులో జరిగింది అదే.

2020 వసంతంలో ఇంగ్లాండు కాలువల మీద కూడా పడవల కదలికను ఆపారు. అక్కడి పడవ యజమానులు విసుగు చెందారు, ఫిర్యాదు చేశారు. అయితే అక్కడి జలమార్గాల నిర్వహణ సంస్థ సరదాగా తిరిగే పడవను, ఇల్లుగా వాడే పడవను మొదటినుంచీ వేరుచేసి చూసింది. పడవలోనే నివసించేవారు తాగునీటి కోసం, మలినాల తొలగింపు కోసం కదలవచ్చు అన్నది. పద్నాలుగు రోజులకొకసారి చోటు మారాలన్న పాత నిబంధననూ సడలించింది. మన ఉత్తర్వులలో ఆపాటి తేడా చూడడానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. నీటిమీద బతికే మనిషి ఉత్తర్వు రాసేవారి మనసులో ఉండాలి. మన దేశంలో ఆ మనిషి కులం దాదాపు ఎప్పుడూ పాలకుల కులం కాకపోవడమే చిక్కు.

పడవ నడిపే శ్రమ మన సమాజంలో కులానికి కట్టుబడినది. వాడబలిజ, పల్లి, అగ్నికుల క్షత్రియ, జాలరి, బెస్త, గంగపుత్ర, గూండ్ల, ఇవన్నీ వెనుకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపులో ఏడు శాతం రిజర్వేషన్‌ను మరెన్నో కులాలతో పంచుకునే కులాలు. నదిని దాటించడం, నదిలో వేటాడడం వీరి ఉమ్మడి హక్కుగా ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1890 నాటి కాలువలు, ప్రజా రేవుల చట్టం ఆ రాకపోకలను ప్రభుత్వ నియంత్రణ కిందికి తెచ్చింది. తరువాత రేవు పాటలు, బల్లకట్టు వేలాలు వచ్చాయి. వేలంలో పాడగలిగింది డబ్బున్నవాడు. గెడ వేసేది బెస్తవాడు. పర్యాటకం వచ్చాక ఈ విభజన ఇంకా పదునెక్కింది. లక్షలు పెట్టి పడవ చేయించగల యజమాని ఒకరు, చుక్కాని పట్టే సరంగు, వంట చేసే మనిషి, తాడు విసిరే కుర్రవాడు వేరొకరు. పడవలు ఆగిన రెండేళ్లలో యజమాని బ్యాంకు వడ్డీని గురించి పత్రికా సమావేశం పెట్టగలిగాడు. సరంగు కాకినాడ వైపు సముద్రపు వేటకు కూలిగా వెళ్లాడు, లేదా తాపీ పనికి. పేరంటపల్లిలో వెదురు బొమ్మలు చేసి పర్యాటకులకు అమ్ముకునే కొండరెడ్లకు ఆ మార్గమూ లేదు.

ప్రభుత్వ సహాయం ఎలా సాగిందో పోల్చి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. సొంత ఆటో, టాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునేవారికి వాహన మిత్ర కింద ఏటా రూ. 10,000 ఇచ్చేవారు, 2020లో కరోనా కష్టాల దృష్ట్యా జూన్‌లోనే చెల్లించారు. సముద్రంలో వేట నిషేధ కాలానికి మత్స్యకార భరోసా కింద రూ. 10,000 ఉండేది. రెండూ మంచి పథకాలే. అయితే ప్రయాణికులను దాటించే నాటుపడవ మొదటి పథకం దృష్టిలో వాహనం కాదు, రెండో పథకం దృష్టిలో వేట కాదు. నదిమీద మనుషులను దాటించి బతికేవాడు డ్రైవరూ కాడు, మత్స్యకారుడూ కాడు. పథకాల భాషలో అతనికి పేరే లేదు.

సముద్ర తీరపు మత్స్యకారులకు పేరు ఉంది, అది వారు పోరాడి తెచ్చుకున్నది. 2020 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళ్లిన వేలాది మంది లాక్‌డౌన్‌లో చిక్కుకొని వారాల తరబడి పడవల్లోనే పడుకున్నారు. వీడియోలు పంపారు, సంఘాలు కదిలాయి, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులు మాట్లాడుకున్నారు, నెలాఖరుకు బస్సులు వచ్చాయి. ఆ ఏడాది లాక్‌డౌన్‌లో నష్టపోయిన వేట రోజులకు బదులుగా కేంద్రం తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధాన్ని 47 రోజులకు తగ్గించి మే 31తో ముగించింది. కోరితే నిబంధన సడలుతుందనడానికి ఇది మంచి నిదర్శనం. కానీ ఎవరు కోరితే సడలుతుంది? తీరప్రాంత నియోజకవర్గాలలో మత్స్యకార ఓటు గెలుపోటములను మార్చగలదు. సీలేరు ఒడ్డున ఆ లెక్క పనిచేయదు. పైగా అక్కడ చనిపోయినవారు పక్క రాష్ట్రపు ఓటర్లు. ఇదే 2021లో కొటియా గ్రామాలు మావంటే మావని ఆంధ్ర, ఒడిశా ప్రభుత్వాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అక్కడ పంచాయతీ ఎన్నికలు జరపడం మీద కోర్టు ధిక్కార పిటిషన్ పడింది. గిరిజనుడి భూమి మీద ఇంత పట్టుదల ఉన్న రెండు ప్రభుత్వాలు, అదే సరిహద్దులో ఒక ఉమ్మడి రేవును, పగటిపూట నడిచే ఒక లాంచీని ఏర్పాటు చేయలేకపోయాయి.

మత్స్యకార కులాల ఉద్యమాలు కూడా ఈ విషయంలో ఆత్మవిమర్శ చేసుకోవలసి ఉంది. ఎస్టీ జాబితాలో చేర్చాలన్న కోరిక వినిపించే ప్రతిసారీ ఏజెన్సీ గిరిజన సంఘాలు భయపడతాయి. 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టివేసి, షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులలో స్థానిక గిరిజనులకున్న నూరు శాతం రిజర్వేషన్‌ను తొలగించాక ఆ భయం ఇంకా పెరిగింది. లాక్‌డౌన్‌లో ఉన్నందున ఆ తీర్పు మీద ఊరేగింపు తీయడానికి కూడా వీలు లేకపోయిన సంగతి నా విద్యార్థులు ఇప్పటికీ కోపంగానే చెబుతారు. ఉద్యోగాల జాబితా దగ్గర ఎదురెదురుగా నిలబడే ఈ రెండు సమూహాలు నీటిహక్కు దగ్గర ఒకే పక్షం. 2021 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ సమీపాన బస్వార్‌లో నిషాదుల పడవలను పోలీసులు పగలగొట్టారన్న ఆరోపణ వచ్చినప్పుడు ఇక్కడి గంగపుత్ర సంఘాల నుంచి కొన్ని గొంతులైనా లేచివుంటే, సీలేరు గురించి కూడా అవే గొంతులు మాట్లాడివుండేవేమో. ఒక్కో కులం ఒక్కో రేవులో విడిగా నిలబడడం ప్రభుత్వాలకు అనుకూలం.

ఇక్కడ మళ్లీ బొర్రా దగ్గరికి రావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల భూమి గురించి ఈ దేశంలో వెలువడిన అత్యంత ముఖ్యమైన తీర్పు పుట్టింది ఈ ఊళ్లలోనే. బొర్రా పరిసర గ్రామాలలో కాల్సైటు, మైకా తవ్వకాలకు ఇచ్చిన లీజులను ‘సమత’ సంస్థ సవాలు చేయగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు 1/70 చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని చెప్పింది. ప్రభుత్వ భూమి అయినా సరే గిరిజనేతరులకు లీజుకు ఇవ్వడం చెల్లదన్నది. లాభాలలో కనీసం 20 శాతాన్ని స్థానిక అభివృద్ధికి శాశ్వత నిధిగా కేటాయించాలన్న సూచనా ఆ తీర్పులోనిదే. భూమి విషయంలో ఇంత స్పష్టత ఉంది. ఆ భూమి నీట మునిగితే? మునిగిన పొలం గిరిజనుడిది, దానిమీద నిలిచిన నీరు విద్యుత్ సంస్థదో జలవనరుల శాఖదో అయిపోయింది. ఆ నీటిమీద పడవ తిప్పే హక్కు, చేపలు పట్టే హక్కు, రేవు నడిపే హక్కు ఎవరివన్న ప్రశ్నను 1/70 చట్టం తాకదు. 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది, కానీ సీలేరు, జోలాపుట్ వంటివి ‘చిన్న’ వనరులు కావు. పెద్ద జలాశయం కోసం పెద్ద త్యాగం చేసినవాడికి, త్యాగం పెద్దదైనందువల్లనే హక్కు లేకుండా పోయింది.

2021 ఆగస్టులో 1917 నాటి చట్టం స్థానంలో కొత్త అంతర్గత జలయాన నౌకల చట్టం వచ్చింది. దానిపై పార్లమెంటులో చర్చ పెద్దగా జరగలేదు. ఆ వర్షాకాల సమావేశాలు ఎలా గడిచాయో అందరికీ తెలుసు. జాతీయ జలమార్గాలు, సరుకు రవాణా, రాష్ట్రాల మధ్య ఒకే రకమైన రిజిస్ట్రేషను, ఇవి దాని ప్రధాన లక్ష్యాలు. అయితే యంత్రం లేని పడవలను కూడా ఆ చట్టం తన పరిధిలోకి తెచ్చింది, వాటి నమోదును, కనీస భద్రతను స్థానిక పాలనా సంస్థల ద్వారా చూడడానికి అవకాశం ఇచ్చింది. ఇది రెండంచుల కత్తి. నమోదు అంటే నాటుపడవ తొలిసారి ప్రభుత్వం కంటికి కనిపించడం. అప్పుడు బీమా అడగవచ్చు, లైఫ్ జాకెట్టు అడగవచ్చు, లాక్‌డౌన్‌లో మినహాయింపు, పథకంలో చోటు అడగవచ్చు. నమోదు అంటే నమోదు కాని పడవ నేరం కావడం కూడా. దుంగ తొలిచి చేసుకున్న పడవకు ఏ ఇంజనీరు ధ్రువపత్రం ఇస్తాడు? ఇవ్వకపోతే దాన్ని పగలగొట్టే అధికారం ఎవరి చేతిలోకి వెళుతుంది?

ఈ చట్టం కింద రాష్ట్రం తన నియమావళిని రూపొందించుకోవలసి ఉంది. ఆ పని అమరావతిలోని ఒక శాఖ గదిలో ముగియకముందే ముసాయిదాను షెడ్యూల్డ్ ప్రాంతపు జలాశయాల ఒడ్డున ఉన్న గ్రామసభల ముందు పెట్టాలి. తెలుగులోనే కాక ఒడియాలోనూ, కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడేవారికి అర్థమయ్యేలా చదివి వినిపించీ పెట్టాలి. పర్యాటక పడవకు, ప్రయాణ పడవకు వేర్వేరు అధ్యాయాలు ఉండాలి. నిషేధం విధించిన ప్రతిచోటా ప్రత్యామ్నాయ ప్రయాణం చూపే బాధ్యత జిల్లా కలెక్టరుది కావాలి. సరిహద్దు జలాశయాలలో రేవుల నిర్వహణకు రెండు రాష్ట్రాల ఉమ్మడి ఏర్పాటు కావాలి. విద్యుత్తును పంచుకోవడానికి అటువంటి ఏర్పాట్లు ఆ జలాశయాల మీదే అరవై ఏళ్లుగా ఉన్నాయి గనుక ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. పదో కంట్రోల్ రూము ఎక్కడ పెట్టాలో అడిగితే ఆ ఒడ్డువాళ్లే చూపిస్తారు.